లెక్కల పీరియడ్‌కు రెండు లక్ష్యాలు రాసుకోవడం ఎలా

2022-23 విద్యా సంవత్సరం నుంచి తెలంగాణ సర్కారు బడులన్నిటిలో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు పిల్లల చేతికొచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో కూడా ఇలాంటి ద్విభాషా పుస్తకాలే వచ్చాయి. పుస్తకం మారింది, మీడియం మారింది. మన లెసన్ ప్లాన్‌లో మాత్రం చాలామందిమి ఇంకా ఒక్క ప్రశ్నకే జవాబు రాస్తున్నాం: ఈ పీరియడ్‌లో పిల్లలు ఏ లెక్క నేర్చుకుంటారు? ఆ లెక్కను ఇంగ్లీషులో ఎలా చదువుతారు, ఎలా చెప్తారు, ఎలా రాస్తారు అన్నదానికి ప్లాన్‌లో చోటే ఉండదు.

నేను దేవరకొండ వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. మా పిల్లల్లో చాలామంది తండాల నుంచి వస్తారు. ఇంట్లో లంబాడీ, ఊళ్లో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. చేతికి లెక్క వచ్చి ఉండి కూడా ప్రశ్న ఏమడుగుతోందో తెలియక పేపరు ఖాళీగా ఇచ్చే పిల్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే ప్రతి పీరియడ్‌కూ రెండు లక్ష్యాలు రాసుకుంటాను. ఒకటి లెక్క లక్ష్యం, రెండోది భాష లక్ష్యం. ఎలా రాసుకోవాలో, ఎక్కడ జాగ్రత్తగా ఉండాలో ఇక్కడ చెప్తాను. ఆరు నుంచి పది దాకా ఏ తరగతికైనా పనికొస్తుంది.

ఈ పద్ధతి అమెరికాలో బాగా వాడుకలో ఉంది. అక్కడి బడులకు ఇంట్లో స్పానిష్ లాంటి వేరే భాష మాట్లాడే పిల్లలు చాలామంది వస్తారు. వాళ్లకు ఇంగ్లీషు వచ్చేదాకా లెక్కలూ సైన్సూ ఆపి కూర్చోబెట్టకుండా, రెండూ ఒకే పీరియడ్‌లో సాగాలని జానా ఎచెవరియా, మేరీఎలెన్ వోగ్ట్, డెబొరా షార్ట్ అనే ముగ్గురు 1990లలో ఒక బోధనా పద్ధతిని తయారుచేశారు. దాన్ని పొట్టిగా సయాప్ అంటారు. అందులో మొట్టమొదటి రెండు అంశాలు ఇవే: విషయ లక్ష్యం స్పష్టంగా రాసి పిల్లలకు చూపించాలి, భాషా లక్ష్యం కూడా అలాగే రాసి చూపించాలి. అయితే అక్కడి టీచరుకు చాలాసార్లు పిల్లల ఇంటి భాష రాదు. మనకు వస్తుంది. పైగా ఎదురు పేజీలోనే తెలుగు ఉంది. ఈ బలాన్ని వదిలేసి ‘క్లాసులో ఇంగ్లీషే మాట్లాడాలి’ అని పట్టుబట్టడం నాకు అస్సలు నచ్చదు. పిల్ల తెలుగులో ఆలోచిస్తుంది, పక్క పిల్లతో లంబాడీలో మాట్లాడుకుంటుంది, చివరికి ఇంగ్లీషులో ఒక వాక్యం చెప్తుంది. ఆ చివరి వాక్యానికి దారి వేయడమే భాష లక్ష్యం పని.

ముందు లెక్క లక్ష్యం

‘పిల్లలు సామాన్య సమీకరణాలను అర్థం చేసుకుంటారు’ అని రాస్తే అది లక్ష్యం కాదు. అర్థమైందో లేదో బయటికి కనపడదు. బెంచీల మధ్య నడుస్తూ నోట్‌బుక్కులోకి తొంగి చూస్తే కనపడే పని రాయాలి. ఏడో తరగతిలో ఒక పీరియడ్‌కు నేను రాసుకునేది ఇలా ఉంటుంది:

‘మాటల్లో ఇచ్చిన లెక్కను ఒక చరరాశి ఉన్న సమీకరణంగా రాస్తారు, సాధించి సరిచూస్తారు.’

రాస్తారు, గీస్తారు, పోలుస్తారు, వర్గీకరిస్తారు, సరిచూస్తారు, కారణం చెప్తారు. ఇవి కళ్లకూ చెవులకూ అందే పనులు. తెలుసుకుంటారు, గ్రహిస్తారు, అవగాహన పొందుతారు అన్నవి ప్లాన్‌లో కనిపిస్తే కొట్టేసి, ‘అవగాహన వచ్చిందని నాకెలా తెలుస్తుంది?’ అని అడగండి. ఆ ప్రశ్నకు వచ్చే జవాబే మీ లక్ష్యం.

ఇంకో విషయం, ఇది యూనిట్ లక్ష్యం కాదు. నలభై అయిదు నిమిషాల లక్ష్యం. లాభనష్టాల యూనిట్ మొత్తాన్ని ఒక వాక్యంలో ఇరికిస్తే దానికి తగ్గ భాష లక్ష్యం రాయడం కుదరనే కుదరదు, ఎందుకంటే రోజుకో రకం ఇంగ్లీషు కావాలి. ప్రకటన వెల, రాయితీ ఒక రోజు. కొన్నవెల, అమ్మినవెల ఇంకో రోజు.

భాష లక్ష్యం ఎక్కడ దొరుకుతుంది

చాలామంది ఇక్కడే పొరబడతారు. పాఠం చివర ఉన్న కొత్త పదాల పట్టిక తీసుకుని ‘పిల్లలు ఈ పది పదాలకు అర్థాలు చెప్తారు’ అని రాసేస్తారు. పదాలు కావాలి, కాదనను. కానీ ‘ఈక్వేషన్’, ‘వేరియబుల్’ అన్న పదాలు బట్టీపట్టిన పిల్లకు మాటల లెక్క అర్థం కావాలని లేదు. పిల్లను ఆపేది చాలాసార్లు పెద్ద పదం కాదు, దాని చుట్టూ ఉన్న చిన్న మాటలు: ఆఫ్, బై, టు, ఫ్రమ్, దేన్, ఈచ్, ఎట్ లీస్ట్.

నేను చేసేది చెప్తాను. ముందురోజు సాయంత్రం ఆ రోజు చేయించబోయే లెక్క ఒకటి తీసుకుని, మా క్లాసులో చక్కగా చేయగలిగిన పిల్ల బోర్డు దగ్గర నిలబడి ఇంగ్లీషులో వివరిస్తే ఏం చెప్తుందో పూర్తి వాక్యాల్లో రాసుకుంటాను. మనసులో అనుకుంటే చాలదు, కాగితం మీద పెట్టాలి. ఉదాహరణకు ఈ లెక్క:

‘ఫైవ్ లెస్ దేన్ త్రైస్ ఎ నంబర్ ఈజ్ సిక్స్‌టీన్. ఫైండ్ ది నంబర్.’

పిల్ల నోట వినాలని నేననుకునేది: ‘లెట్ ది నంబర్ బి ఎక్స్. త్రైస్ ది నంబర్ ఈజ్ త్రీ ఎక్స్. వి టేక్ ఫైవ్ అవే ఫ్రమ్ త్రీ ఎక్స్. సో త్రీ ఎక్స్ మైనస్ ఫైవ్ ఈజ్ సిక్స్‌టీన్.’

నాలుగు చిన్న వాక్యాలు. ఇప్పుడు వీటిలో మా పిల్లలకు ఏది కష్టమో చూస్తాను. మొదటిది అచ్చు వాక్యం, ఒకసారి పట్టుబడితే ఏడాదంతా వాడుకుంటారు. మూడోదే అసలు చిక్కు. ఎడమ నుంచి కుడికి ప్రశ్న ఎలా కనిపిస్తే అలాగే గుర్తులు పెట్టుకుంటూ పోయే పిల్లలు ‘5 మైనస్ 3 ఎక్స్’ అని రాస్తారు. ప్రశ్నలో 5 ముందు కనపడింది కదా మరి. అదే తెలుగు పేజీ చదివితే ‘ఒక సంఖ్యకు మూడు రెట్ల కంటే 5 తక్కువ’ అని ఉంటుంది. తెలుగులో మూడు రెట్లు ముందు వస్తుంది, 5 తర్వాత వస్తుంది, సమీకరణం కూడా అదే వరసలో ఉంటుంది. కాబట్టి ఆ రోజు భాష లక్ష్యం నాకు దొరికినట్టే:

‘జతగా కూర్చుని, ఇంగ్లీషు వాక్యంలో దేనిలోంచి ఎంత తీసేస్తున్నామో రెండు పేజీల్లోనూ గీత గీసి గుర్తిస్తారు. “వి టేక్ డ్యాష్ అవే ఫ్రమ్ డ్యాష్” అన్న వాక్యంతో పక్కవారికి చెప్తారు.’

చూడండి, ఈ లక్ష్యంలో మూడు ఉన్నాయి. పిల్ల భాషతో చేసే పని ఏమిటి (గుర్తించి చెప్పడం). ఏ మాటలతో (టేక్ అవే ఫ్రమ్). ఏ ఆసరాతో (జత, రెండు పేజీలు, ఖాళీలున్న వాక్యం). ఈ మూడింటిలో ఏది లేకపోయినా లక్ష్యం కాగితం మీదే ఉండిపోతుంది. వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం, ఈ నాలుగింటిలో ఏదో ఒకదాని మీదే ఆ రోజు బరువు పెట్టండి. నాలుగూ ఒకే పీరియడ్‌లో పెట్టుకుంటే లెక్కకు టైమ్ ఉండదు. లెక్కకు టైమ్ లేకుండా చేసే భాష లక్ష్యం నాకొద్దు.

‘మోర్ ఉంటే కూడు’ అని నేర్పకండి

స్టాఫ్‌రూమ్ గోడలకు ఒక చార్టు కనపడుతుంటుంది. మోర్, టోటల్, సమ్ అంటే కూడిక. లెస్, లెఫ్ట్, డిఫరెన్స్ అంటే తీసివేత. చూడ్డానికి భాష నేర్పుతున్నట్టే ఉంటుంది, కానీ ఇది పిల్లలకు ప్రశ్న చదవకుండా జవాబు రాయడం నేర్పుతుంది. ఈ లెక్క ఇచ్చి చూడండి:

‘ఎ పెన్ కాస్ట్స్ 12 రుపీస్ మోర్ దేన్ ఎ పెన్సిల్. ది పెన్ కాస్ట్స్ 20 రుపీస్. వాట్ ఈజ్ ది కాస్ట్ ఆఫ్ ది పెన్సిల్?’

చార్టు నమ్ముకున్న పిల్ల 20, 12 కూడి 32 అని రాస్తుంది. జవాబు 8. ఇక్కడ భాష లక్ష్యం ‘మోర్ అన్న పదాన్ని గుర్తిస్తారు’ అని కాకుండా ‘పెన్, పెన్సిల్ రెండింట్లో దేని వెల ఎక్కువో ఇంగ్లీషులో ఒక వాక్యంలో చెప్పాకే లెక్క మొదలుపెడతారు’ అని ఉండాలి. ‘ది పెన్ కాస్ట్స్ మోర్. ది పెన్సిల్ కాస్ట్స్ లెస్.’ ఈ రెండు ముక్కలు నోటితో అన్న పిల్ల పెన్సిల్‌కు 32 రూపాయలని రాయదు. పెన్ను 20 అయితే పెన్సిల్ 32 ఎట్లవుతుందని తనే ఆగిపోతుంది.

రాయితీ పాఠం మీద కాస్త ఎక్కువసేపు

ఎనిమిదో తరగతిలో శాతాలు, రాయితీ వచ్చినప్పుడు భాష లక్ష్యానికి ఉన్న విలువ బాగా తెలుస్తుంది. రాయితీ అంటే ఏమిటో పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు. బతుకమ్మ పండక్కి, సంక్రాంతికి బట్టల షాపుల బ్యానర్లు చూసే ఉంటారు. ‘ఫ్లాట్ ఫిఫ్టీ పర్సెంట్’ అన్నది మా తండా పిల్లలకూ తెలుసు. మరి తప్పు ఎక్కడొస్తుంది? ఈ రెండు వాక్యాలు బోర్డు మీద పక్కపక్కన రాయండి:

‘ది ప్రైస్ వాజ్ రెడ్యూస్డ్ బై 200 రుపీస్.’
‘ది ప్రైస్ వాజ్ రెడ్యూస్డ్ టు 200 రుపీస్.’

చొక్కా ప్రకటన వెల 800 అనుకుందాం. మొదటి వాక్యం ప్రకారం తగ్గింది 200, కట్టాల్సింది 600, రాయితీ 25 శాతం. రెండో దాని ప్రకారం కట్టాల్సింది 200, తగ్గింది 600, రాయితీ 75 శాతం. శాతం కట్టడం రెండింట్లోనూ ఒకటే. మారిందల్లా ‘బై’, ‘టు’. ఈ తేడా చెప్పకుండా శాతాల లెక్కలు ఇరవై చేయించినా పిల్ల సగం చోట్ల తప్పుతుంది, ఆ తప్పును మనం ‘శాతాలు రాలేదు’ అని రాసుకుంటాం. పాపం శాతాలు వచ్చు.

ఈ పీరియడ్‌కు నా రెండు లక్ష్యాలు ఇవి:

‘ప్రకటన వెల, తగ్గింపు ఇస్తే రాయితీ శాతాన్ని కనుక్కుంటారు.’
‘“రెడ్యూస్డ్ బై”, “రెడ్యూస్డ్ టు” ఉన్న వాక్యాలు విని, తగ్గిన మొత్తమా, మిగిలిన ధరా అన్నది చెయ్యెత్తి చూపిస్తారు. తర్వాత ఒక్కోదానికి ఒక్కో సొంత వాక్యం రాస్తారు.’

క్లాసులో ఎలా నడుస్తుందంటే, నేను వాక్యం గట్టిగా చదువుతాను. తగ్గిన మొత్తం అనుకుంటే ఎడమ చెయ్యి, మిగిలిన ధర అనుకుంటే కుడి చెయ్యి ఎత్తాలి. ఇంగ్లీషు మాట్లాడడానికి సిగ్గుపడే పిల్లలు కూడా చెయ్యెత్తుతారు. చేతులు చూస్తే క్లాసులో ఎంతమందికి పట్టుబడిందో నాకు క్షణంలో తెలిసిపోతుంది. ఆ తర్వాత ఎవరికి వారు బ్యానర్ వాక్యం రాస్తారు. కిందటిసారి ఒక అమ్మాయి తన అన్న సెల్‌ఫోన్ కొన్న సంగతి రాసింది: ‘ది ఫోన్ వాజ్ రెడ్యూస్డ్ బై 1500.’ ‘ప్రైస్’ అన్న మాట వదిలేసింది. ‘ఫోన్ తగ్గిందా, ధర తగ్గిందా నాన్నా?’ అని అడిగాను. తనే పైన చిన్న అక్షరాలతో ‘ది ప్రైస్ ఆఫ్’ చేర్చుకుంది. దిద్దడం అంటే అంతే చాలు. లెక్కల క్లాసులో వ్యాకరణం మొత్తం ఎర్ర పెన్నుతో దిద్దితే మర్నాడు ఎవరూ సొంత వాక్యం రాయరు.

ఇదే తీరు ‘సబ్‌ట్రాక్ట్ 8 ఫ్రమ్ 15’, ‘డివైడ్ 12 బై 3’, ‘డివైడ్ 12 ఇంటు 3 ఈక్వల్ పార్ట్స్’ లాంటి చోట్లా వస్తుంది. మనం గుణకారాన్ని ‘ఇంటు’ అని పలకడం మామూలే కాబట్టి ఈ చివరిది మన పిల్లలను మరీ తికమక పెడుతుంది. దానికి ఒక పూర్తి భాష లక్ష్యం కేటాయించినా తప్పులేదు.

కారణం చెప్పించే పాఠాలు

జ్యామితిలో పని వేరు. చతుర్భుజాల పాఠంలో లెక్క లక్ష్యం ‘భుజాలు, కోణాల ధర్మాలను బట్టి చతుర్భుజాలను వర్గీకరిస్తారు’ అనుకుంటే, భాష పని కారణం చెప్పడం. కావలసిన మాటలు ‘ఎవ్రీ’, ‘సమ్’, ‘నో’, ‘బికాజ్’. ‘ఎవ్రీ స్క్వేర్ ఈజ్ ఎ రెక్టాంగిల్ బికాజ్ ఆల్ ఇట్స్ యాంగిల్స్ ఆర్ రైట్ యాంగిల్స్.’ ఇలా పూర్తిగా చెప్పమంటే సగం క్లాసు నోరు మెదపదు. అందుకే బోర్డు మీద ‘డ్యాష్ ఈజ్ ఎ డ్యాష్ బికాజ్ డ్యాష్’ అని రాసిపెట్టి, బొమ్మల ముక్కలు జతలకు పంచుతాను. ‘బికాజ్’ తర్వాత భాగం మొదట తెలుగులో చెప్పినా ఒప్పుకుంటాను. ‘ఎ స్క్వేర్ ఈజ్ ఎ రెక్టాంగిల్ బికాజ్ అన్ని కోణాలూ లంబకోణాలే మేడమ్’ అన్న వాక్యంలో గణితం నిండుగా ఉంది. దాన్ని ఇంగ్లీషులోకి తిప్పడం ఆ తర్వాతి అడుగు.

రాష్ట్రంలో బడి పుస్తకాలు తయారుచేసే ఎస్‌సీఈఆర్‌టీ వారి గణిత విద్యాప్రమాణాలు అయిదింటిలో సమస్యా సాధన, కారణాలు చెప్పడం, వ్యక్తపరచడం, అనుసంధానం, ప్రాతినిధ్యపరచడం ఉన్నాయి కదా. కారణాలు చెప్పడం, వ్యక్తపరచడం అనే రెండూ భాష లేకుండా జరిగేవి కావు. ‘లెక్కల సారు ఇంగ్లీషు ఎందుకు చెప్తున్నట్టు?’ అని ఎంఈవో (మండల విద్యాధికారి) గారో హెచ్‌ఎం గారో అడిగితే ఈ రెండు ప్రమాణాలు చూపించండి. మనం కొత్తగా నెత్తికెత్తుకున్న బరువేమీ కాదు, ముందునుంచీ మన పుస్తకంలో ఉన్నదే.

ఒకే లక్ష్యం, మూడు మెట్లు

ఏడో తరగతిలో ఒకే బెంచీ మీద ప్రైవేటు బడి నుంచి వచ్చి ఇంగ్లీషు గడగడా చదివే పిల్లాడూ, అక్షరాలు కూడబలుక్కునే పిల్లాడూ ఉంటారు. వాళ్లకు వేర్వేరు లక్ష్యాలు రాస్తే మనకు తలనొప్పి, వాళ్లకు చిన్నతనం. లెక్క లక్ష్యం అందరికీ ఒకటే ఉంచండి, ఏమాత్రం తగ్గించకండి. భాష లక్ష్యంలో ఆసరా మాత్రం మార్చండి. రాయితీ పాఠాన్నే తీసుకుంటే, మొదటి మెట్టు పిల్ల ‘బై’, ‘టు’ విని చెయ్యెత్తుతుంది, ధర చీటీ మీద వేలు పెట్టి చూపిస్తుంది. రెండో మెట్టు పిల్ల ‘ది ప్రైస్ వాజ్ రెడ్యూస్డ్ డ్యాష్ డ్యాష్ రుపీస్’ అన్న ఖాళీలు నింపి చదువుతుంది. మూడో మెట్టు పిల్ల రెండు వాక్యాలూ తనే రాసి, రెండిటికీ రాయితీ శాతం ఎందుకు వేరుగా వచ్చిందో ‘బికాజ్’తో చెప్తుంది. ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో పైకి చెప్పకండి. ఏడాది పొడుగునా ఒకే మెట్టు మీద ఉండనివ్వకండి కూడా. సమీకరణాల్లో రెండో మెట్టు మీద ఉన్న పిల్ల జ్యామితిలో మూడో మెట్టు ఎక్కడం నేను తరచూ చూస్తుంటాను.

తప్పు లెక్కదా, భాషదా?

భాష లక్ష్యం ఏది పెట్టుకోవాలో తోచనప్పుడు ఎఫ్‌ఏ పేపర్లే (ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్షల పేపర్లే) దారి చూపిస్తాయి. ఆస్ట్రేలియాకు చెందిన ఆన్ న్యూమన్ 1977లో ఒక చక్కని పద్ధతి ఇచ్చారు. మాటల లెక్క తప్పు చేసిన పిల్లను దగ్గర కూర్చోబెట్టుకుని వరసగా అయిదు అడగాలి: ప్రశ్న చదువు. ప్రశ్న ఏం అడుగుతోందో చెప్పు. ఎలా చేస్తావో చెప్పు. చేసి చూపించు. జవాబు రాయి. పిల్ల మొదట ఎక్కడ ఆగిపోయిందో అక్కడే తప్పు పుట్టినట్టు.

మొదటి రెండింట్లో ఆగితే అది భాష చిక్కు. మూడో దగ్గర ఆగితే ప్రశ్న అర్థమైంది గానీ గణితంలోకి తిప్పడం రాలేదు. అక్కడ రెండు లక్ష్యాలూ కలిసి పనిచేయాలి. నాలుగో దగ్గర ఆగితే భాషను వదిలేసి లెక్క చేయించండి, ఆ పిల్లకు కావలసింది అభ్యాసం. మన దగ్గర ఇంకో సౌకర్యం ఉంది. రెండో ప్రశ్న దగ్గర ఆగిన పిల్లకు తెలుగు పేజీ తెరిచి ఇవ్వండి. తెలుగులో చదివి గబగబా చేసేసిందంటే ఇంక సందేహం అక్కర్లేదు. తెలుగులో చదివినా ఆగిపోతే ఇంగ్లీషును నిందించి లాభం లేదు. లంబాడీ పిల్లలకైతే అక్కడ కూడా ఆగి, ఆ సంగతిని వాళ్ల భాషలో పక్క పిల్లతో చెప్పించి చూడాలి. వాళ్లకు తెలుగు పేజీ కూడా ఇంటి భాష కాదు.

పేపర్లన్నీ ఇలా చూడక్కర్లేదు, అంత తీరిక ఎవరికుంది? తప్పుచేసినవాళ్లలో నలుగురైదుగురిని మధ్యాహ్న భోజనం తర్వాత పిలిచి అడిగితే రాబోయే వారానికి లక్ష్యాలు వాటంతటవే వస్తాయి.

బోర్డు మీద, బెల్లు కొట్టేలోపు

రెండు లక్ష్యాలూ పిల్లలకు అర్థమయ్యే మాటల్లో బోర్డు మూలన రాయండి. లెక్క లక్ష్యం తెలుగులో, భాష లక్ష్యంలోని వాక్యం ఇంగ్లీషులో రాస్తాను నేను. ప్లాన్‌లో రాసుకున్న ‘గుర్తిస్తారు, వివరిస్తారు’ భాష బోర్డుకు పనికిరాదు. ‘ఈరోజు మనం మాటల లెక్కను సమీకరణంగా రాస్తాం. “వి టేక్ డ్యాష్ అవే ఫ్రమ్ డ్యాష్” అని చెప్తాం.’ అంతే. ఒక పిల్లతో చదివించండి, క్లాసంతా ఒకసారి అననివ్వండి. రెండు నిమిషాలు చాలు.

ఆ తర్వాత ఆ వాక్యాన్ని ముందు మీరు వాడాలి. మొదటి లెక్క బోర్డు మీద చేస్తూ అదే వాక్యాన్ని మూడు నాలుగుసార్లు పలకండి, పలుకుతూ చేత్తో 3 ఎక్స్‌ను చూపించి అందులోంచి 5 తీసేస్తున్నట్టు చూపించండి. పిల్లలు వినని వాక్యాన్ని వాళ్ల నోట రాబట్టలేం. తర్వాతే జతలు. జతల్లో ఇద్దరికీ పని ఉండాలి. ఒకరు చదవాలి, ఇంకొకరు రాయాలి, తర్వాతి లెక్కకు మారాలి. లేకపోతే తెలివైన పిల్ల చేసేస్తుంది, రెండో పిల్ల చూసి రాసుకుంటుంది.

చివరి అయిదు నిమిషాలు రెండు లక్ష్యాల దగ్గరికీ మళ్లీ రావాలి. ఇది తప్పనిసరి. చిట్టీ కాగితం మీద ఒక లెక్క, ఒక వాక్యం రాయించి తీసుకుంటాను. సాయంత్రం ఆ చిట్టీలను రెండు కుప్పలు కాదు, నాలుగు కుప్పలు చేస్తాను: రెండూ వచ్చినవాళ్లు, లెక్క వచ్చి వాక్యం రానివాళ్లు, వాక్యం వచ్చి లెక్క రానివాళ్లు, రెండూ రానివాళ్లు. రెండో కుప్ప పెద్దగా ఉంటే మర్నాడు అదే భాష లక్ష్యాన్ని కొత్త లెక్కల మీద కొనసాగిస్తాను. మూడో కుప్ప ఎప్పుడూ చిన్నదే గానీ దాని మీదే ఎక్కువ కన్ను వేయాలి. అచ్చు వాక్యాన్ని చిలకపలుకులా అప్పజెప్పి మన కళ్లు కప్పే అవకాశం అక్కడే ఉంది.

మార్కుల దగ్గర మాత్రం ఖచ్చితంగా ఉండండి. లెక్కల పరీక్షలో స్పెల్లింగుకు మార్కు కోయకండి. ‘ప్రైస్’ను తప్పు అక్షరాలతో రాసినా జవాబు 600 అని వచ్చి, దారి సరిగ్గా ఉంటే పూర్తి మార్కులు పిల్లవే. భాష ఎలా ఎదుగుతోందో వేరే నోట్‌బుక్కులో, మీ కోసం మీరు రాసుకోండి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఒక తరగతిని, అందులో మాటల లెక్కలున్న ఒక యూనిట్‌ను తీసుకోండి. అన్ని తరగతులకూ ఒకేసారి మొదలుపెడితే టెన్షన్ తప్ప ఇంకేం మిగలదు. ఏడో తరగతి సమీకరణాలో, ఎనిమిదో తరగతి రాయితీయో అయితే సులువు. మీ బడి ఇంగ్లీషు టీచరుకు ఆ వారం వాక్యాలు చూపించండి. మీరు ‘బికాజ్’ నేర్పుతున్న వారంలోనే వారూ తమ పాఠంలో ‘బికాజ్’ వాడించగలిగితే పిల్లలకు పని సగం తేలికవుతుంది. రాసుకున్న లక్ష్యాలు పారేయకుండా యూనిట్‌ల వారీగా ఒక నోట్‌బుక్కులో ఉంచి, చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగుకు తీసుకెళ్లండి. పక్క బడి వాళ్లు రాసిన వాక్యం మీదానికంటే చిన్నగా, తేలిగ్గా ఉందనిపిస్తే దాన్నే తెచ్చుకుని వాడండి.